నెల్లూరులో సంతకం

అనుమానం పెనుభూతమంటారు. నాకు మాత్రం అది ఇంటి మనిషే. మొదటి మొగుడు పోయాక సూళ్లూరుపేటలో ఎవరి మాటనూ ఊరికే నమ్మేదాన్ని కాదు. రెండోసారి మనువాడిన మనిషిని నమ్మడానికి కూడా చాలాకాలం పట్టింది.

మావాళ్లలో మారుమనువుకి తాళి లేదు, పురోహితుడు లేడు. నలుగురు పెద్దల ముందు అతను చీర పెట్టాడు, నేను కట్టుకున్నాను. కాపురం మొదలైంది. మాలో కాగితమనేది విడిపోయేటప్పుడే రాస్తారు. తెగతెంపుల కాగితమంటారు దాన్ని. అందుకే ఒకరోజు అన్నం తింటూ అతను, "రేపు నెల్లూరు పోవాల మే. వకీలు కాడ నువ్వొక సంతకం పెట్టాల," అనగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"దేనికి?"

"ఆడ చెప్తార్లే."

అతను పులికాటు రొయ్యల్ని బుట్టల్లో ఐసు వేసి, రైల్లో మద్రాసు తీసుకుపోయి అమ్మేవాడు. ఆ మధ్య బుట్టలు లేకుండానే పోతున్నాడు. తిరిగొస్తే చొక్కాకి నీచు వాసన ఉండదు, ఇంకేదో ఘాటైన వాసన. సెంటూ కాదు, సబ్బూ కాదు. మా అక్కకి చెబితే, "ఇంకేంది, ఆడ ఎవురినో పెట్టుకోనుంటాడు. నిన్ను వదిలించుకునేదానికే ఆ కాగితం," అంది. నేనూ అదే అనుకున్నాను. అయినా వెళ్లాను. సంతకం పెట్టడానికి కాదు, ఆ వకీలు ముందే అతణ్ణి కడిగేసి రావడానికి.

నోటరీ వకీలు పెద్దాయన. ముందే టైపు కొట్టించి ఉంచిన స్టాంపు కాగితం నా ముందుకు జరిపాడు. అంతా ఇంగ్లీషే. నా అయిదో తరగతి చదువు అక్కడ పనికిరాలేదు. ఇద్దరూ కూడబలుక్కున్నారని ఒళ్లు మండింది.

"ఈయన్ని బయటికి పొమ్మనండయ్యా. ఆ పైన నాకు తెలుగులో చెప్పండి."

లోపలుంటే సైగలు చేసుకుంటారని నా అనుమానం. అతను మారు మాట్లాడకుండా లేచి వెళ్లాడు.

"మీరిద్దరూ భార్యాభర్తలుగా కాపురం చేస్తున్నారని రాశానమ్మా," అన్నాడు వకీలు.

"విడిపోతున్నామని యాడ రాసినారు?"

"ఎక్కడా లేదే."

"కలిసుండేదానికి కాగితమెందుకయ్యా? ఎవరడిగినారు?"

ఆయన కళ్లజోడు తీసి తలుపు వైపు చూశాడు. "మద్రాసులో ఆసుపత్రి వాళ్లు. ఆపరేషనుకి ముందు భార్య సంతకం కావాలన్నారట. భార్యవని రుజువు తెమ్మన్నారట. నీకు చెప్పలేదా?"

సంతకం పెట్టాను. ఆయన దాని పక్కనే ముద్ర వేశాడు.

తిరుగు రైలు కోసం స్టేషన్లో కూర్చున్నాం. పట్టుకుని కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. "యాడ?" అని మాత్రం అడిగాను. అతను నా చేయి తీసుకుని చొక్కా మీదనే డొక్క కింద పెట్టుకున్నాడు. నిమ్మకాయంత గడ్డ గట్టిగా తగిలింది.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

అతను పట్టాల వైపు చూస్తూ అన్నాడు. "మొదటాయన మాదిరే నేనూ పోతానని తెలిస్తే, నువ్వు ముందుగానే నన్నొదిలి పోతావేమో అనుకున్నా."

నేను అతణ్ణి అనుమానించినట్టే అతనూ నన్ను అనుమానిస్తూ, ఆ గడ్డతో ఒక్కడే ఇన్నాళ్లూ రైళ్లెక్కి దిగాడు.