జెండాల దర్జీ

చేతిలో కత్తెర ఉంటే చాలు, ప్రపంచం తన కొలతలకు లొంగుతుందనుకునే మూర్ఖులు కొందరుంటారు. వాళ్లలో నాది ముందు వరస. ఎనభైల్లో ఫుజైరా రేవు దగ్గర ఒక దర్జీ దుకాణంలో పనిచేసేవాణ్ణి. కూలీల ప్యాంట్లు పొట్టి చేయడం, ఓడలకు జెండాలు కుట్టడం నా పని. ఇరాన్, ఇరాక్‌ల యుద్ధం ఓడల మీదికి వచ్చాక రెండో పనికి గిరాకీ పెరిగింది. హోర్ముజ్ జలసంధి దాటి లోపలికి పోవలసిన చమురు ఓడలు మా తీరం ముందు లంగరు వేసి, ఎవరి జెండా కట్టుకుంటే ఎవరూ కొట్టరో ఆలోచించుకునేవి. వారం తిరిగేసరికి ఓడ దేశం మారిపోయేది. ఏ రంగు గుడ్డ ముందు అయిపోతే ఆ దేశం మాట చెల్లుతోందని నాకు తెలిసిపోయేది. రాజ్యాలవి కుట్రలు, నావి కుట్లు. రెండూ ఒకే వృత్తి అన్నంత గర్వం నాకు.

నా గర్వాన్ని నమ్మినవాడు ఒక్కడే, గోదావరి వైపు నుంచి వచ్చిన వంటాయన. రేవు రోడ్డు మీద మెస్‌లో వండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను 'గారూ' అనే పిలిచేవాడు. ఆ రోజుల్లోనే చమురు దేశాలు ఒకదానితో ఒకటి పోటీపడి ధర పడగొట్టుకున్నాయి. కట్టడాలు ఆగిపోయాయి, క్యాంపులు ఖాళీ అయ్యాయి, ఆయన పప్పు తినేవాళ్లు నలుగురు మిగిలారు. మెస్ మూసేస్తున్నామని ముదీర్, అంటే మేనేజరు, చెప్పిన రోజున ఆయన రెండు పాత చొక్కాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కాలర్లు అరిగిపోయాయి, తిప్పి కుట్టాలి.

"ఓడ మీద వంటకి రమ్మంటన్నాడండీ ఏజెంటు. లోపలికెళ్లి చమురు నింపుకొచ్చే ఓడంట. జీతం రెట్టింపంట. ఎల్లమంటారా, వద్దంటారా టైలరుగారూ?"

సరిగ్గా ఆ ఓడకే నేను జెండా కుడుతున్నాను. పెద్ద రాజ్యం జెండా.

"ఇది జూస్తున్నవా అన్నా? దీన్ని ముట్టుకునే ధైర్యం ఎవనికున్నది? రెండు వరసల కుట్టేస్తున్న. రంది లేకుంట పో."

"మీరు కుట్టారంటే ఇంకేంటండీ, ఆయ్! చొక్కాలు నేను తిరిగొచ్చాక పట్టుకెల్తాను. గట్టిగా కుట్టండేం, జెండాలాగ."

"నీ కాలరుకు గూడ రెండు వరసలేస్త తియ్."

నవ్వుకుంటూ వెళ్లాడు.

ఓడ బయల్దేరిన పదకొండో రోజున ఏజెంటు దుకాణంలోకి వచ్చి కబురు చెప్పాడు. ఎవరో నీళ్లలో వదిలిన మందుపాతర తగిలి ఓడ వెనక భాగం చీలిపోయిందట. వంటగది ఆ వెనకే. నేను కుట్టిన జెండా కూడా ఆ వెనకే, ఆయన నెత్తి మీదే ఎగురుతూ ఉండి ఉంటుంది. నీళ్ల కింద ఉన్న మందుపాతర తలెత్తి జెండా చూస్తుందా? ఇంత చిన్న సంగతి, ఇన్ని దేశాల రంగులు తెలిసిన నాకు తట్టలేదు.

మనిషి దొరకలేదు. ఇంటికి పంపడానికి మెస్‌లో వదిలిన రేకు పెట్టె ఒకటి మిగిలింది. ఆ మధ్యాహ్నం రెండు చొక్కాల కాలర్లూ విప్పాను. అరిగిన వైపు లోపలికి తిప్పి, రెండు వరసలు కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టాను. ఆయన భార్యకు ఉత్తరం నేనే రాశాను. అందులో అన్నీ రాశాను, వెళ్లమన్నది నేనేనన్న ఒక్క మాట తప్ప.

నెల తిరక్కుండా ఏజెంటు మళ్లీ వచ్చాడు.

"మాస్టర్, ఇంకో ఓడ. రేపు పొద్దునకి జెండా కావాలి. యల్లా, జల్దీ!" అన్నాడు అరబ్బీ కలిసిన హిందీలో.

"అదే జెండానా?"

"జెండాకేమైంది మాస్టర్? జెండా బాగానే ఉందిగా!"

కుట్టాను. కాకపోతే మిషను ముట్టుకోలేదు. అసలు కుట్టుకు ముందు గుడ్డ కదలకుండా దర్జీలు చేత్తో దూరం దూరంగా టాకాలు వేస్తారు, దారం కొస లాగితే ఊడి వచ్చేవి. జెండా అంతా వాటితోనే నిలబెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి ఇచ్చాను. పొద్దున్నే నేనూ రేవుకు వెళ్లాను. కెప్టెనూ ఓడవాళ్లూ చూస్తుండగా జెండా పైకి లేచింది. గాలి ఒక్కసారి ఊపింది. పెద్ద రాజ్యం పట్టీలు పట్టీలుగా విడిపోయింది. ఒక ఎర్ర ముక్క వెనక ఏజెంటు రేవంతా పరిగెత్తాడు. ఓడ మీద వాళ్లు విరగబడి నవ్వారు.

"ఖలాస్! నీ జెండాల పని ఖలాస్!" అని ఏజెంటు నా మీద అరిచాడు.

జెండా గతి కళ్లారా చూసి కూడా నవ్వినవాళ్లలో ఒక్కడూ ఓడ దిగలేదు. దుబాయ్ నుంచి వేరే జెండా వచ్చేసరికి సాయంత్రమైంది. అంతవరకూ ఆ ఓడ ఏ దేశానిదీ కాకుండా రేవులోనే నిలబడింది.