ఆరున్నొక్కటి

కారుకు పేరు పెట్టేది కంపెనీ అయినా, నంబరు పెట్టేది నేనే. పటాన్‌చెరు దాటాక ఒక ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీలో, చాసిస్ మీద పదిహేడు అక్షరాల నంబరు కొట్టే యంత్రం దగ్గర నా ఉద్యోగం. మొదటి అక్షరాలు కంపెనీనీ మోడలునీ సంవత్సరాన్నీ చెబుతాయి. చివరి ఆరు అంకెలు మాత్రం ఆ బండి ఎన్నోదో చెబుతాయి. బయటివాళ్లకు అది పిచ్చిరాత, మాకు అదే పంచాంగం. వచ్చే వారం పని ఉంటుందా లేదా అన్నది ఆ అంకెల నడక చూసే తెలుసుకునేవాళ్లం.

నా పక్కన నిలబడి, కాగితం చూసి ఆ అంకెలు పైకి చదివే పని ఒక అక్కది. భానూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఒకప్పుడు సొంత పొలంలో పండిన వడ్లు కొలిపించిన ఇంటి మనిషి, ఇప్పుడు కాంట్రాక్టు కింద పనిచేస్తోంది. నిజానికి చదవాల్సింది స్కానర్. అది మొరాయించిన రోజున అక్క చదవాలి, నేను టైపు చేయాలి. అది వారానికి నాలుగు రోజులు మొరాయించేది కాబట్టి మా అసలు స్కానర్ అక్క గొంతే.

మొదట్లో ఆమెతో నాకు రోజూ తగువే. వడ్లు కొలిచేటప్పుడు ఏడు అనకూడదని వాళ్లింట్లో పట్టింపు. అంటే ఏడుపును పిలిచినట్టేనట. అందుకని ఏడు వచ్చినచోటల్లా ‘ఆరున్నొక్కటి’ అనేది.

“ఇది వడ్ల రాశి కాదక్కా, కారు!” అన్నాను ఒకసారి చిరాకుపడి.

“ఏదైతేంది తమ్మీ, లెక్క లెక్కనే కదా. ఏడు అంటే ఏడ్సుడే. మీ ఆంధ్రోళ్లు అనుకోన్రి, నేనైతే అన.”

మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి గోదావరి పక్క నుంచి వచ్చి, పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నాడు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. అయినా అక్క లెక్కలో నేను ఆంధ్రోణ్ణే. చివరికి ఇద్దరం రాజీకి వచ్చాం. ఏడు బదులు సెవెన్ అనాలి. “సరే తీ, ఇంగ్లీషుల ఏడ్సుడు లేదు కదా,” అని ఒప్పుకుంది.

ఆ అంకెల మీద నాకంటే ఆమెకే ఎక్కువ ధ్యాస. రెండు వేల బండ్లు పూర్తయిన రోజున కాంట్రాక్టు వాళ్లను కంపెనీ ఉద్యోగులుగా తీసుకుంటామని పెద్ద సారు మీటింగులో చెప్పాడు. కాగితం లేదు, నోటిమాటే. అక్క మాత్రం దాన్ని శిలాశాసనం అనుకుంది. రోజూ ఇంటికి వెళ్లేముందు ఆఖరి బండి నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకుని, ఇంట్లో క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోకి ఎక్కించేది. చెరిగిపోతుందని, ఇల్లు చేరేదాకా చెయ్యి కూడా కడుక్కునేది కాదు.

ఒకరోజు పొద్దున బ్యాటరీలు రాలేదనీ, వచ్చే వారం లైన్ ఆపేస్తారనీ తెలిసింది. అక్క ముఖం వాడిపోయింది. మనసు బాగాలేనప్పుడు నాలుక ఇంటి మాటకే పోతుంది. స్కానర్ ఎప్పటిలాగే మొరాయించింది, పక్కన పెద్ద ఫ్యాన్లు హోరుమంటున్నాయి. కాగితం మీద 1743 ఉంది.

“ఒకటి, ఆరున్నొక్కటి, నాలుగు, మూడు,” అని చదివింది.

నెలల తరబడి సెవెన్ వినీ వినీ నా చెవి పాత మాటను మరిచిపోయింది. ఒకటి, ఆరు, ఒకటి, నాలుగు, మూడు అని కొట్టేశాను. యంత్రం ముందొక సున్నా తనే పెట్టుకుని ఆరు అంకెలూ నింపుకుంది. లెక్క సరిపోయింది కాబట్టి కిక్కురుమనలేదు. కాగితంతో సరిచూడాల్సింది నేను, చూడలేదు. పదిహేడు వందల నలభై మూడో బండి కాస్తా పదహారు వేల నూట నలభై మూడోదై కూర్చుంది.

చాసిస్ మీద పడిన నంబరును అనుమతి లేకుండా చెరిపి మళ్లీ కొట్టడం నేరం. విషయం బయటపడ్డాక ఆ బండిని అమ్మలేక, ఒక ఎగ్జిబిషన్‌కు చూపుడు బండిగా పంపేశారు. తప్పు నాదేనని రాసిచ్చాను. మళ్లీ ఒకసారి ఇంకా గట్టిగా రాసిచ్చాను. “ఆ నంబరు కాగితం మీద ‘చదివినవారు’ అన్నచోట ఆమె సంతకం ఉంది కదండీ,” అన్నాడు ఆఫీసు మనిషి, నా కాగితం మడిచి పక్కన పెడుతూ. నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. ఆమెకు ఉత్తరం కూడా దక్కలేదు. మర్నాడు గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది, అంతే. నా కార్డుకు పచ్చ లైటు వెలిగితే నేను లోపలికి వెళ్లిపోయాను. ఆమె బయట నిలబడి కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తూ ఉంది. ఇప్పటికీ ఆ గేటు దాటుతుంటే సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. “సెవెన్ అంటనని మాటిచ్చి నేనే మరిసిన తమ్మీ,” అంది. ఒక్క తిట్టు తిట్టినా నాకు హాయిగా ఉండేది.

కొన్ని నెలలు గడిచాయి. కొత్త బండ్ల చాసిస్ నంబర్లు సేకరించి, ఏ కంపెనీ ఎన్ని కార్లు చేసిందో లెక్కగట్టే సరదాపరులు కొందరు ఉంటారు. వాళ్లలో ఒకాయన ఎగ్జిబిషన్‌లో మా బండి తలుపు తెరిచి నంబరు ఫొటో తీశాడు. పదహారు వేల కార్లు దాటాయంటూ వీడియో పెట్టాడు. కంపెనీ అవుననలేదు, కాదనీ అనలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

“తమ్మీ, వీడియో సూసిన. పదారు వేల బండ్లు దాటినయంట. అంటే రెండు వేలు ఎప్పుడో అయిపోయినట్టే కదా. మరి నన్నెందుకు పిలుస్తలేరు? జెర సారును అడుగు.”

ఆ గొంతులో ఆశ వింటూనే చెప్పాను.

“అక్కా, అది మనం తప్పు కొట్టిన బండే.”



“గా ఆరున్నొక్కటేనా?”

“అదే.”

“మరి అసలు నంబరు ఇప్పుడెంతల ఉంది?”

నిన్న ఆఖరున కొట్టింది 1807. బ్యాటరీలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. “ఒకటి, ఎనిమిది, సున్నా…” అని సెవెన్ అనబోయి ఆగాను. “ఆరున్నొక్కటి,” అన్నాను.

“ఇంక నూటా తొంభై మూడున్నయ్,” అంది వెంటనే.

రెండు వేలయిన రోజున కార్డు పనిచేసేవాళ్లకే సారు మాట వర్తిస్తుందని అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. “అవునక్కా,” అన్నాను.

“శనివారం శనివారం జెర చెప్తుండు తమ్మీ. క్యాలెండర్ల గడులన్నీ ఖాళీగుంటున్నయ్.”

అప్పటి నుంచి ప్రతి శనివారం ఫోన్ చేస్తున్నాను. ఇప్పుడు చదివేది నేను, రాసుకునేది ఆమె. ఇంతవరకు ఒక్క అంకె కూడా ఆమె తప్పు వినలేదు.