వేళకు వచ్చిన రైలు

నిన్న సాయంత్రం మా వీధి కుర్రవాళ్లు నలుగురు ఒక అర్జీ పట్టుకుని వచ్చారు. కుప్పం నుంచి పొద్దున పూట బెంగుళూరుకు పోయే బళ్లు చాలడం లేదనీ, ఇంకొకటి వేయించమనీ రైల్వే వారికి రాసుకున్న కాగితం అది. పెద్దవారు కదా, మొదటి సంతకం మీరే పెట్టాలన్నారు. పెట్టాను. వాళ్లకు కాఫీలిచ్చి పంపి తలుపు వేసుకుని కూర్చున్నాను. ఇదే ఊళ్లో, ఇలాంటి అర్జీనే, యాభై ఏళ్ల కిందట ఈ చేత్తోనే రాశాను.

నా ఈడు వాళ్లకు రెండో ప్రపంచ యుద్ధపు రోజుల గురించి వేరే చెప్పనక్కరలేదు. బియ్యానికీ కిరసనాయిలుకూ వరసల్లో నిలబడినట్టే రైలుకూ పడిగాపులు పడేవాళ్లం. మద్రాసు వైపు పోయే పాసింజరు మా కుప్పానికి రోజుకు ఒక్కటే మిగిల్చారు. దాని వేళ పగలు పదకొండని గోడ మీద రాసి ఉండేది గాని ఒంటిగంట లోపల వచ్చిన రోజు నేనెరగను. ఒక్కోసారి నాలుగు కూడా దాటేది. సోల్జర్ల బళ్లు ముందు పోవాలి కనుక మన బండిని ఏ చిన్న స్టేషన్లోనో పక్క పట్టాల మీదికి తోసి మండుటెండలో నిలబెట్టేవారు. పైగా, అవసరమైతేనే ప్రయాణం చేయండని ఒక నోటీసు అంటించారు, సరదాకి ఎక్కేవాళ్లెవరో ఉన్నట్టు. ఊళ్లో రైలును తిట్టని నోరు లేదు. తిట్టి తిట్టి విసిగి చివరికి ఆ ఆలస్యానికే అలవాటు పడ్డాం. పదకొండింటి రైలుకు పన్నెండింటికి అన్నాలు తిని నింపాదిగా కదిలేవాళ్లం. మా అవ్వ లాంటివాళ్లకైతే అదొక వరం, రాహుకాలాలూ వర్జ్యాలూ అన్నీ గడిచాక బయలుదేరినా రైలు దొరికేది.

మా అక్క నాకన్న ఎనిమిదేళ్లు పెద్దది. క్షయ అని తేలగానే అత్తవారు తెచ్చి మా ఇంట్లో దింపి పోయారు, మళ్లీ తొంగి చూడలేదు. ఆ జబ్బుకు మందు లేని కాలం. మంచి గాలి, పాలు, గుడ్లు, కదలకుండా పడక, అంతే వైద్యం. అదీ మదనపల్లె దగ్గరి క్షయ ఆస్పత్రిలో చోటు దొరికిన అదృష్టవంతులకే. ఆరు నెలలు కాచుకున్నాక ఒక బుధవారం ఉత్తరం వచ్చింది. పడక ఒకటి ఖాళీ అయిందట, సోమవారం మధ్యాహ్నం లోపల మనిషి రావాలట, రాకపోతే వరసలో తరువాతివాళ్లకు ఇచ్చేస్తారట. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాయన అప్పటికే మదనపల్లెలో మకాం పెట్టి ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాడు. అక్కను తీసుకుపోయే పని నా మీద పడింది. మదనపల్లెలో హాస్టల్లో ఉండి మిషన్ బళ్లో చదివినదాన్ని, ఆ దారి నాకు కొట్టిన పిండి.

పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సు లేకపోలేదు. కాని పెట్రోలు కరువులో అది బొగ్గు పొగతో నడిచేది. ఎత్తు వస్తే దిగి తోయాలి, లోపలున్నవాళ్లు పొగ మింగాలి. దగ్గే మనిషిని అందులో ఎక్కించలేం. రైలైతే కాట్పాడి దాకా పోయి, అక్కడ మీటరు గేజి మీద నడిచే చిన్న బండి పట్టుకుని, పాకాలలో మారి, మదనపల్లె రోడ్డులో దిగాలి. ఎంత చుట్టు తిరిగినా శుక్రవారం ఎక్కితే శనివారానికి చేరతామని నాయన లెక్క వేసి రాశాడు.

శుక్రవారం పదింటికే మా వీధి సాయిబు జట్కా కట్టి వాకిట్లో నిలిపాడు. స్టేషనుకు పావుగంట దారి. అక్క గడప దాకా వచ్చి దగ్గింది. దగ్గు ఆగలేదు, నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ ఎర్రబడింది. పడుకోబెట్టి, నీళ్లు తాగించి, చీర మార్చేసరికి పదిన్నర అయింది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అవ్వ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

అక్క మాత్రం పోదామనే అంది. సాయిబు కూడా, స్టేషన్లో నీడ లేకపోతే జట్కాలోనే పడుకోబెడదాం, ముందు పోవడం మేలన్నాడు. ఇద్దరూ నా ముఖం చూశారు. రాహుకాలమంటే నాకు నమ్మకం లేదు, పైగా వెటకారం. అయినా బయలుదేరే పూట ముసలామెతో పేచీ ఎందుకు, ఆమె మాటా నెగ్గనీ, నా తెలివీ కనబడనీ అనుకున్నాను.

"పన్నెండు దాటినాకే పోదాంలే అక్కా. ఒంటిగంట లోపల ఆ రైలు యాడొస్తాది?" అన్నాను.

అక్క చాప మీద వాలింది. సాయిబు గుర్రానికి గడ్డి వేశాడు.

పన్నెండుంపావుకు స్టేషన్ మలుపు తిరిగేసరికి ఏదో తేడాగా అనిపించింది. మామూలుగా ఆ వేళకు మూటలూ, పిల్లల ఏడుపులూ, స్టేషన్ మాస్టరుతో తగాదాలూ ఉండాలి. ఆ రోజు అంతా బోసిగా ఉంది. పోర్టరు ఒక్కడు ప్లాట్‌ఫారం ఊడుస్తున్నాడు. రైలు పదకొండు దాటి అయిదు నిమిషాలకే వచ్చి పోయిందని చెప్పాడు, ఆ మాట తనకే నమ్మశక్యం కానట్టుగా. మాలాగే తీరిగ్గా వచ్చినవాళ్లు పదిమంది దాకా పట్టాల వంక చూస్తూ నిలబడ్డారు. ఇన్నేళ్లుగా ఆ రైలును తిట్టిన నోళ్లలో ఒక్కటీ పెగల్లేదు.

జట్కా వెనక్కి తిరిగాక అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి జ్వరంతో కాలిపోతోంది.

"నాయన అడిగితే రైలు ల్యాటని చెప్పు. ఎవురైనా నమ్ముతారు" అంది.

మరునాటి రైలు సాయంత్రం ఆరింటికి వచ్చింది. జోలారుపేటలో తెల్లారేదాకా ఆపేశారు. కాట్పాడి చేరేసరికి చిన్న బండి వెళ్లిపోయింది. పాకాలలో మళ్లీ అదే కథ. ఆగిన ప్రతిచోటా అక్క గొంతులో గురక పెరగడం వింటూ కూర్చున్నాను. మదనపల్లె రోడ్డులో దిగింది మంగళవారం పొద్దున. మూడు రోజులుగా వచ్చిన ప్రతి బండికీ ఎదురొచ్చిన నాయన గడ్డం మాసి గుర్తుపట్టరాకుండా ఉన్నాడు. ఆస్పత్రి వాళ్లు సోమవారం పొద్దు వాలేదాకా చూసి, పడకను పుంగనూరు నుంచి ఎద్దుబండిలో వచ్చిన ఒక పిల్లకు ఇచ్చేశారు. వరండాలోంచి చూశాను. ఆ పిల్లకు పదిహేనేళ్లుంటాయేమో, వాళ్లమ్మ పక్కన కూర్చుని విసురుతోంది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మరో పడక ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆ జబ్బు పేరు వింటే ఊళ్లో అద్దెకు గది ఇచ్చేవాళ్లు లేరు. ఎట్లా వచ్చామో అట్లాగే కుప్పం తిరిగి వచ్చాం. అక్క ఆ వానాకాలం దాటలేదు.

నాయన అడగనే అడిగాడు. శుక్రవారం రైలు ల్యాటు నాయనా, ఎక్కినా కాట్పాడిలో చిన్న బండి అందదని శనివారం బయలుదేరాం అన్నాను. అక్క చెప్పినట్టే, నమ్మాడు.

యుద్ధం ముగిసినా బళ్లు పెరగలేదు. ఊరి పెద్దలంతా చేరి అర్జీ పెట్టాలనుకున్నారు. ఇంగ్లీషు రాయగలిగినదాన్నని నన్ను కూర్చోబెట్టారు. మీ అక్క సంగతి రాయమ్మా, అది చదివితే రాయి కూడా కరుగుతుందన్నారు. నాయన ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. సాయిబు గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. ఫలానా శుక్రవారం రైలు గంటల తరబడి రానందువల్ల ఒక ఆడకూతురు ప్రాణం పోయిందని రాశాను.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. మిగిలిన ఫిర్యాదులన్నీ ఆలోచిస్తామని, ఆ శుక్రవారం మాత్రం బండి పదకొండూ అయిదుకు వచ్చి పదకొండూ పదికి వెళ్లినట్టు రిజిస్టరులో ఉందని. పెద్దాయన ఒకరు అది పైకి చదవగానే అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు.

"సచ్చినోళ్ల మీద కూడా అబద్ధమాడతారా వీళ్లు?" అన్నాడు.

రైలు వాళ్లు మాకు చెప్పిన నిజం అదొక్కటే. నేను నోరు విప్పలేదు. మర్నాడు కూడా విప్పలేదు, నాయన పోయేదాకా విప్పలేదు. అవ్వ మాత్రం రాహుకాలంలో కదిలుంటే ఇంతకన్నా కీడు జరిగేదని బతికినంత కాలం అంటూనే ఉండింది. ఇంతకన్నా ఏముంటుందో నాకు తెలియదు.

మరుసటి ఏడు రెండో బండి వేశారు. మీ పెద్దమ్మాయి పుణ్యమే అని ఊళ్లోవాళ్లు నాయనతో అనేవారు. ఆయన రోజూ సాయంత్రం స్టేషనుకు పోయి, ఆ బండి వచ్చి పోయేదాకా బెంచీ మీద కూర్చుని వచ్చేవాడు.

ఇప్పుడు ఆ జబ్బుకు మాత్రలున్నాయి. మా మనవరాలు పొద్దున ఒక రైలు తప్పిపోతే ఇడ్లీ తిని తరువాతి దానిలో పోతుంది, ఆ సంగతి ఇంట్లో చెప్పను కూడా చెప్పదు. రాహుకాలం చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకేమీ కావడం లేదు. మనుషుల తెలివితక్కువతనం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఆ శుక్రవారం సాయంత్రం ఇంకొక్క బండి ఉండి ఉంటే, పన్నెండు దాటినాకే పోదామని నేనన్న ఆ మాట మర్నాటికి నాకే గుర్తుండేది కాదు.