దుమ్ము సంచీ ఉన్న మిషను

గుంటూరులో నాలుగు షాపులు తిరిగి, చెక్క నునుపు చేసే కరెంటు మిషను కొన్నాను. దుమ్ము పట్టే సంచీ ఉన్నదే కావాలని పట్టుబట్టి మరీ ఎంచుకున్నాను. బస్సులో పక్కసీటు పెద్దాయన చెవి మీద పెన్సిలుంది. షాపులో చూపించడానికి తీసుకెళ్లిన చెక్కముక్కను నా చేతిలోంచి తీసుకుని వాసన చూశాడు.

"మిరపకాయలు పోసిన పెట్టెదాండీ?"

"అవునండీ. మనవరాలికి ఉయ్యాల చేస్తున్నాను."

ఆయన నా ఒళ్లో ఉన్న మిషను డబ్బా మీద అరచెయ్యి అదిమిపెట్టాడు.

"దీన్ని ఆ చెక్క మీద పెట్టమాకండి. ఘాటు లేచుద్ది."

"సంచీ ఉందండీ దీనికి!"

"దుమ్ము పట్టుద్ది. ఘాటు పట్టుద్దా?"

నాలుగు షాపులు తిరిగినవాణ్ణి, నాకే చెబుతాడా అనుకుని కిటికీ వైపు తిరిగాను.

ఇంట్లో మిషను తిప్పిన కాసేపటికే పక్కగదిలో నెలల పాప దగ్గుతూ గుక్కపట్టింది. స్విచ్ ఆపాను. పాప ఏడుపు ఆగలేదు. ఆగిపోయిన మిషను మీద, ఆయనలాగే, అరచెయ్యి అదిమిపెట్టి నిలబడిపోయాను.