మధ్య కుర్చీ ఫొటో

నాకంటూ ఒక వెబ్‌సైట్ పెట్టుకోవాలన్న పిచ్చి రెండేళ్ల కింద పట్టింది. సూర్యాపేటలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే పంతులమ్మకు వెబ్‌సైట్ ఎందుకని స్టాఫ్‌రూంలో నవ్వారు. నవ్వినవాళ్లంతా పొద్దున లేస్తే పూల బొమ్మల మీద గుడ్ మార్నింగ్ రాసి గ్రూపుల్లో పంపేవాళ్లే. వాళ్లను నేనేం లెక్కచేస్తాను! తిరుమలగిరి పక్కన మా ఊళ్లో, గొర్లు కాసుకుని బతికిన మావాళ్ల ఇళ్లలో, గోడల మీద చెదలు తింటున్న పాత ఫొటోలు నలభై దాకా పోగుచేశాను. అవన్నీ ఒకచోట ఉండాలి, అంతే నా కోరిక. అందులో ఒకటి మా అమ్మానాన్నల పెళ్లి ఫొటో. నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆధార్ కార్డు మీది బొమ్మ ఆయనదని మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. కాబట్టి ఆయనకు మిగిలింది ఆ పెళ్లి ఫొటో ఒక్కటే.

సైటు తయారుచేసింది కోదాడలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకాయన. తానొక మేధావినని ఆయన గట్టి నమ్మకం. ఫొటోలన్నీ తపాలా బిళ్లలంత చదరాలుగా చేసి, పేజీ నిండా వరుసలుగా పేర్చాడు.

"ఫొటో ఎంత వెడల్పున్నా మధ్య ముక్క తీసుకుంటదండి. కావాల్సినోళ్లు నొక్కుతారు, ఫొటో మొత్తం పెద్దదవుద్ది" అన్నాడు.

"ఒక్కొక్కటీ చూశారా?" అని అడిగాను.

"అన్నీ చూసుకుంటా కూర్చుంటే పనెప్పుడవుద్ది మేడం?"

మనిషి మొహం చూడకుండా మనుషుల్ని కత్తిరించడాన్ని పని అంటున్నాడని ఒళ్లు మండింది. కానీ డబ్బులిచ్చి వచ్చేముందు నేను కూడా చూడలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇంటికొచ్చి ఫోన్ అమ్మ చేతికిచ్చాను. వేలితో మెల్లగా జరుపుతూ, ఒక్కో చదరాన్నీ కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చింది.

"అందర్ని వెట్టినవ్ బిడ్డా. మీ నాయన ఏడి?"

"ఉన్నడమ్మా, మంచిగ సూడు."

"నేను సూస్తలేనా? గీడ పటేల్ ఉన్నడు. మీ నాయన లేడు."

నిజమే. నొక్కి చూపిస్తే గానీ పటేల్‌కు అటూ ఇటూ నిలబడ్డ అమ్మానాన్నలు కనబడలేదు. మా ఊరి మర్యాద అలాంటిది మరి. ఆ రోజుల్లో మా ఇళ్లలో పెళ్లయితే అక్షింతలు వేయడానికి ఊరి పటేల్ వచ్చేవాడు. ఆయన కుర్చీ ఆయన ఇంటి నుంచే వచ్చేది. మా ఇళ్లలో కుర్చీలుండేవి కావు, ఉన్నా వాటిలో ఆయన కూర్చునేవాడు కాదు. ఫొటో తీసేటప్పుడు ఆ కుర్చీ మధ్యలో వేసేవారు. పెళ్లికొడుకు ఈ పక్క, పెళ్లికూతురు ఆ పక్క, చేతులు కట్టుకుని నిలబడాలి. పారాణి ఆరకముందే ఆలుమగల నడుమ కూర్చోవడానికి ఆయనకు సిగ్గనిపించలేదు. నిలబడడానికి మావాళ్లకూ రోషం రాలేదు. అలాంటి ఫొటోలో మధ్య ముక్క తీస్తే మిగిలేది ఏముంటుంది? మీసాలు, కండువా, కుర్చీ చేతుల మీద ఉంగరాల వేళ్లు.

మరునాడే మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆ పటేల్ మనవడు. ఆయనకు రైస్ మిల్లు ఉంది, ఎన్నికలొస్తే మెడలో ఏదో ఒక కండువా ఉంటుంది.

"అక్కా, మా తాతను నీ వెబ్‌సైట్ల వెట్టినవంట గద! మస్తుగున్నది. మా గ్రూపులన్నిట్ల పంపిన. పెద్దోళ్లను యాది వెట్టుకున్నవ్!"

వాళ్లింట్లో మా అమ్మను ఏనాడూ పేరుతో పిలిచిన పాపాన పోలేదు, "ఒసేయ్"తోనే సరిపెట్టేవారు. ఇప్పుడు నేను అక్కనయ్యాను. అది మా అమ్మానాన్నల పెళ్లి ఫొటో అని చెప్పాను.

"ఔనా? ఏడ ఉన్నరక్కా వాళ్లు?" అన్నాడు. జవాబు చెప్పబుద్ధి కాక ఫోన్ పెట్టేశాను.

ఆదివారం బస్సెక్కి కోదాడ పోయి ఆ మేధావి ఎదురుగా కూర్చున్నాను. ఆయన చదరాన్ని అటూ ఇటూ జరిపి చూపించాడు.

"ఇటు జరిపితే నాన్నగారొస్తారు, అటు జరిపితే అమ్మగారొస్తారు. ఇద్దరూ కావాలంటే మధ్యలో ఆయన కూడా ఉంటాడు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?"

మొదటిసారి ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. పటేల్ చచ్చి ఎన్నేళ్లయినా ఆ కుర్చీలోంచి లేవలేదు. ఏం చేయాలో తోచక అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"అదే ఫొటో రెండుసార్లు వెట్టరాదా? ఒకదాంట్ల మీ నాయన, ఒకదాంట్ల నేను. పక్కపక్కన వెట్టు."

ఆ మాట చెబితే కోదాడాయన మొహం చిట్లించాడు. "ఒకే ఫొటో రెండుసార్లా? గ్యాలరీ బాగోదండి."

"బాగోకపోతే పీడా పోయింది, పెట్టండి" అన్నాను.

ఇంటికొచ్చి చూపించాను. ఒక చదరంలో బాసింగం కట్టుకుని, భుజాన కొత్త గొంగడితో నాన్న. పక్క చదరంలో తల వంచుకున్న అమ్మ. ఇద్దరి నడుమ దారమంత తెల్లటి సందు తప్ప ఏమీ లేదు. అమ్మ ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. నాకే ఓపిక లేక, పెద్దగా చూపిద్దామని నాన్న బొమ్మ మీదికి వేలు తీసుకుపోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒత్తకు బిడ్డా. ఒత్తితె పటేల్ మల్ల అచ్చి నడుమ కూసుంటడు."