నిద్రపోయినవాడి వంతు

మా నాయనకు నేను ఏదైనా నేర్పానంటే అది కంప్యూటర్ ఆట ఒక్కటే. దాన్ని పట్టుకుని ఆయన సొంత అన్న మీదికే పోతాడని తెలిసి ఉంటే, ఆ పూట చేతిలో డబ్బులు పెట్టి సినిమాకు పంపించి ఉండేవాణ్ని.

అప్పుడు నేను హిందూపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. రెండువేల మూడో, నాలుగో, సరిగ్గా గుర్తు లేదు. మా పెదనాయన కొడుకు, అంటే మా అన్న, నాకంటే రెండేళ్లు పెద్ద. బస్టాండు వెనక ఒక ఇంటర్నెట్ సెంటర్ చూసుకునేవాడు. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. ఓనరు ఉండేది బెంగళూరులో కాబట్టి ఆదివారాలు ఆ నాలుగూ మావే. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే స్నేహితుడు ఒకడు మాకు ఆటల సీడీలు కాపీ చేసి పంపేవాడు. వాళ్ల నాయన కంటపడినా అనుమానం రాకుండా ప్రతి సీడీ మీదా స్కెచ్ పెన్నుతో ‘అంచు డిజైన్లు’ అని రాసేవాడు. ఆ అంచుల్లో ఎన్ని రాజ్యాలు, ఎందరు రాక్షసులు ఉండేవారో ఆ పెద్దమనిషికి చివరిదాకా తెలియలేదు.

అన్నీ ఒక బాపతు ఆటలే. ఒక వీరుడు, వాడి వెంట ఇద్దరు ముగ్గురు మనుషులు, ఊరూరా తిరగడం, మందులూ కత్తులూ పోగేసుకోవడం, దారికి అడ్డం వచ్చిన రాక్షసులతో పోట్లాడడం. తేడా అంతా ఆ పోట్లాటలోనే. నాకు నచ్చినవాటిలో వంతుల ప్రకారం యుద్ధం. నువ్వు ఒక దెబ్బ కొట్టాలి, తర్వాత రాక్షసుడు కొడతాడు. నువ్వు టీ తాగి వచ్చినా వాడు కత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు. అన్నకు నచ్చినవాటిలో ఆగడం అనేదే లేదు. మౌసు విరిగేలా నొక్కాలి, ఎవడి చెయ్యి ముందు లేస్తే వాడిదే గెలుపు.

‘‘అది యుద్ధమా రేషన్ షాపు క్యూనా?’’ అనేవాడు అన్న.

‘‘నీది మాత్రం యుద్ధమా? జాతరలో తొక్కిసలాట’’ అనేవాణ్ని నేను.

ఈ వాదన మేమిద్దరం అద్దెకుండే గదిలో అన్నం ఉడికేటప్పుడు మొదలై, గిన్నెలు కడిగేటప్పటికి కూడా తెగేది కాదు. తెగకపోయినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి సుఖంగా ఉండేది.

మా ఊరు పెనుకొండకు దగ్గర. తాత పోయినప్పుడు భూమిని నాయన, పెదనాయన పంచుకున్నారు గానీ బోరును పంచడానికి కుదరలేదు. అందుకని మా అవ్వ ఒక రూలు పెట్టింది. ఒక రోజు నీళ్లు పెద్దోడివి, ఒక రోజు చిన్నోడివి. ఇద్దరికీ మల్బరీ తోటలే, ఇద్దరి ఇళ్లలోనూ పట్టుపురుగులే. పదేళ్లపాటు ఆ రూలుకు తిరుగు లేదు. అయితే కరెంటు రాని రోజు సంగతేమిటో చెప్పకుండానే అవ్వ పోయింది.

ఆ ఎండాకాలం మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు పెదనాయన మీద పగ పట్టింది. ఆయన వంతు రోజున కరెంటు లేదు. మా వంతు రోజున వచ్చింది. మళ్లీ ఆయన రోజున లేదు. రెండు వంతులు పోయేసరికి పెదనాయన మా నాయనతో, ‘‘నా వంతు మిగిలే ఉండాది గదా, రేపు నేను పెట్టుకుంటా’’ అన్నాడు. ‘‘చూద్దాంలే’’ అన్నాడు నాయన. ఆయన చూద్దాంలే అంటే ముప్పాతిక ఒప్పుకున్నట్టే. మిగిలిన పాతికను నేను చెడగొట్టాను.

పట్టుగూళ్లు అమ్మడానికి నాయన హిందూపురం మార్కెట్టుకు వచ్చాడు. పని అయిపోయాక, బస్సు టైమయ్యే దాకా ఫ్యాను కింద కూర్చోవచ్చని సెంటర్‌కు వచ్చాడు. అన్న భోజనానికి పోయి ఉన్నాడు. నేను ఆటలో ఉన్నాను. తెర మీద ఒక పక్క నా కత్తివీరుడు, ఇంకో పక్క పాకంత కప్ప రాక్షసుడు.

‘‘యాలరా వాడు ఊరికే నిలబడుకోనుండాడు?’’

‘‘వాని వంతు ఇంగా రాలేదు నాయనా. ఇప్పుడు నా వంతు.’’

‘‘రాక్షసుడు గూడా వంతుకు నిలబడతాడా?’’

‘‘నిలబడాల్సిందే.’’

నాయన ఆ కప్పను మెచ్చుకోలుగా చూశాడు. ‘‘మర్యాదస్తుడు’’ అన్నాడు.

ఆ మర్యాదస్తుడు తన వంతు రాగానే నా వీరుణ్ని నిద్రపుచ్చాడు. తర్వాత రావలసిన నా వంతు రాకుండానే దాటిపోయింది. నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

‘‘ఇప్పుడు వీని వంతు ఏమైపాయ?’’

‘‘పోయింది.’’

‘‘తర్వాతికి మిగల్దా?’’

‘‘యాడ మిగుల్తాది? నిద్రపోయినవాని వంతు పోయినట్టే.’’

అదే మాట ఆయన ఇంకా రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేను, కొడుకు చదువు మీద తండ్రికి కలిగిన ఆసక్తి అనుకుని, మహా గర్వంగా చెప్పాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని ఆ రోజు తెలియదు.

తర్వాతి ఆదివారం ఊరికి పోయి వచ్చిన అన్న సంచి కూడా దించకుండా నా మీదికి వచ్చాడు.

‘‘మీ నాయనకు ఏం చెప్పినావురా నువ్వు?’’

సంగతేమిటంటే, నాయన బస్సు దిగి నేరుగా బోరు దగ్గరికి పోయాడట. ‘‘పోయిన వంతు పోయినట్టేనన్నా. కంప్యూటర్లోనే ఉండాది. నీ కొడుకు షాపులోనే చూసొచ్చినా’’ అన్నాడట. కంప్యూటర్‌లోనే ఉన్నాక పెదనాయన ఎవరికి మొరపెట్టుకుంటాడు? ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

‘‘మా పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. ఎల్లుండి లేస్తాయి. ఆకు యాడుండాదిరా?’’ అన్నాడు అన్న. కోపంలో మొదలుపెట్టినా చివరికి సంచి దించి కుర్చీలో కూలబడ్డాడు.

పట్టుపురుగు మేత మానేసి, తల పైకెత్తుకుని, పాత చర్మం విడవడాన్ని మావైపు జ్వరం అంటారు. అట్లా నాలుగుసార్లు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు వారం రోజులు మేతే మేత. ఎంత ఆకు పరిచినా చాలదు. ఆ వారం ఆకు అందకపోతే, అప్పటిదాకా ఇంటిల్లిపాదీ నిద్ర మానుకుని పెంచిన పురుగులు గూడు కట్టకుండానే పోతాయి. పెదనాయన తోట అప్పటికే వాడుముఖం పట్టింది. మా ఇంట్లో పురుగులు గుడ్లలోంచి అప్పుడే వచ్చినవి. చీమలంత. వాటికి గుప్పెడు లేతాకు సన్నగా తరిగి వేస్తే చాలు. మాకు ఆ నీళ్లతో అంత అవసరమే లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాకు నిజంగా సిగ్గేసింది. సిగ్గేసినవాణ్ని ఊరుకోవచ్చు కదా? ‘‘రూలు రూలే కదన్నా’’ అన్నాను.

‘‘అట్లనా?’’ అన్నాడు అన్న. ‘‘అయితే మా రూలు చూపిస్తాం.’’

మర్నాడే బజారులో ఒక ఆటో స్టార్టరు కొనుక్కుని ఊరికి పోయాడు. కరెంటు వచ్చిందంటే మనిషితో పని లేకుండా మోటారును తిప్పేసే డబ్బా అది. నీళ్లు వాళ్ల తోట వైపు తిప్పి, ఆ డబ్బా బిగించి, ‘‘ఇంగ వంతు లేదు గింతు లేదు నాయనా. ఎవడు ముందు కొడితే వానిదే’’ అని వాళ్ల నాయనకు ధైర్యం చెప్పి వచ్చాడు. అట్లా మా గదిలో గిన్నెల మధ్య ఉండాల్సిన గొడవ బోరు దగ్గరికి చేరింది.

అక్కడ జరిగింది నేను చూడలేదు, అమ్మ చెప్పింది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. మా నాయన పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తి ఆపుతాడు. పెదనాయన వచ్చి మళ్లీ వేస్తాడు. ఈయన ఆపుతాడు. ఆయన వేస్తాడు. ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా లేదు. ఊళ్లో సగం మంది గట్టు మీద నిలబడి చూశారట. రెండు రోజులు అట్లా ఆడేసరికి మోటారు కాలిపోయింది.

ఉమ్మడి మోటారు. వైండింగ్‌కు హిందూపురమే రావాలి. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక, లగేజీ ఆటోలో మోటారుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు కూర్చుని ఇద్దరూ వచ్చారు. పెదనాయన పురుగులు ముందు రోజే జ్వరం లేచాయి. ఆయన కళ్లు గుంటలు పడి ఉన్నాయి. వైండింగ్ చేసే అతను సాయంత్రానికి గానీ కాదన్నాడు. పోవడానికి చోటు లేక ఇద్దరూ సెంటర్‌కు వచ్చి, మధ్యలో రెండు కుర్చీలు వదిలి కూర్చున్నారు. నేను, అన్న కూడా అప్పటికి మాట్లాడుకోవడం లేదు. నలుగురు మగవాళ్లం, ఒక ఫ్యాను, మూతులు నాలుగు దిక్కులకు.

నాకు ఉన్న జబ్బే అది, ఊరికే కూర్చోలేను. నా ఆట పెట్టాను. ‘‘పెదనాయనా, రా. ఇద్దరూ ఒకే జట్టు, ఎదురుగా కప్ప’’ అన్నాను. అన్న నా వైపు గుర్రుగా చూశాడు గానీ అడ్డం చెప్పలేదు.

నాయనకు కత్తివీరుణ్ని ఇచ్చాను. పెదనాయనకు జుట్టుకు రిబ్బను కట్టుకున్న మంత్రాల అమ్మాయి మిగిలింది. ఆయన మీసం సవరించుకుని, ‘‘ఈ ఆడపిల్ల నేనా?’’ అన్నాడు. కొట్టడానికి ఏది నొక్కాలో, మంత్రానికి ఏదో, గాయపడినవాళ్ల మీద మందు సీసా పోయడానికి ఏదో చూపించాను.

కప్ప మొదట పెదనాయనను నిద్రపుచ్చింది. ఆయన వంతు దాటిపోయింది. ‘‘అన్యాయమబ్బా ఇది!’’ అని ఆయన బల్ల మీద కొట్టాడు. నాయన తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ముగియకముందే కప్ప నాయనను నిద్రపుచ్చింది.

‘‘ఇదేందిరా? నేను పన్నుకోలేదు గదా! వాడు పన్నుకోబెట్టినాడు. నా వంతు ఎట్ల పోతాది?’’

పెదనాయన తెర మీద నుంచి చూపు తిప్పకుండా నాతో అన్నాడు. ‘‘కరెంటు గూడా నేను తీసింది కాదని మీ నాయనకు చెప్పప్పా.’’

నేను చెప్పే అవసరం లేకపోయింది. నాయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆట సాగింది. ఒక దశలో పెదనాయన అమ్మాయికి ప్రాణం చివరి గీతలో ఉంది. కప్పకు కూడా అంతే. వంతు నాయనది. కొట్టవచ్చు, లేదా సీసా తీసి తన అన్న మీద పోయవచ్చు. ‘‘ఏం చేయాలరా?’’ అన్నాడు. ‘‘నీ వంతు, నీ ఇష్టం’’ అన్నాను. నాయన కొట్టాడు. కప్ప చావలేదు. అమ్మాయిని మింగేసింది. ఒంటరిగా మిగిలిన నాయన ఇంకో రెండు వంతులకు పోయాడు.

‘‘ఆ సీసా నాకు పోసింటే నేనూ ఒగ దెబ్బ కొడతాంటి గదరా’’ అన్నాడు పెదనాయన. ఈసారి నాతో కాదు. ఎన్నో రోజుల తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అదే, పైగా నెమ్మదిగా అన్నాడు. నాయన నా వైపు తిరిగి, ‘‘ఇంగోసారి పెట్టు’’ అన్నాడు.

రెండో ఆటలో నాయన తన మొదటి వంతులోనే సీసా తీసి తన అన్న మీద పోశాడు. రెండో వంతులోనూ పోశాడు.

‘‘నాయనా, ఆయమ్మికి దెబ్బే తగల్లేదు’’ అన్నాను.

‘‘నువ్వు నోరు మూసుకో. నా వంతు.’’

మూడో సీసా. నాలుగో సీసా. మా అన్న నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారాడు. ‘‘చిన్నాయనా, కొట్టాల గూడా!’’ సీసాలన్నీ అయిపోయాక కప్ప తీరుబడిగా ఇద్దరినీ ఒకే నాలుకతో చంపింది.

‘‘పోనీలే’’ అన్నాడు పెదనాయన. ‘‘ఈ తూరి ఇద్దరమూ ఒగేసారి చచ్చినాము.’’

సాయంత్రం మోటారు తీసుకుని నలుగురమూ ఊరికి పోయాము. మర్నాడు పొద్దున్నే మోటారు, పైపులు బోరులోకి దించి, ఆ ఆటో స్టార్టరును మా నాయనే విప్పి అన్న చేతికి ఇచ్చాడు. ఎవరూ వంతు మాట ఎత్తలేదు. నేను మాత్రం మనసులో వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాను. రోజుల లెక్కన ఆ రోజు మాదే. పెదనాయనకు కూడా అది తెలుసు. అందుకే ఆయన బోరు దగ్గర ఉండకుండా, వాడిన తన తోటలో చివరి సాలు దాకా పోయి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

పదింటికి కరెంటు వచ్చింది. నాయన స్టార్టరు నొక్కాడు. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది. ఆయన పార తీసుకుని మా కాలువకు కట్ట వేసి, నీళ్లను పెదనాయన తోట వైపు తిప్పాడు. నాకు ఆత్రం ఆగలేదు.

‘‘నాయనా, ఈ పొద్దు మన వంతు గదా!’’

‘‘మన వంతే’’ అన్నాడు నాయన, పార కడుక్కుంటూ. ‘‘అందుకే పెట్టినా.’’