చదవనిదాని కింద వేలు

కొత్త యాప్ వస్తుందన్న సంగతి నాకు మొదట చెప్పింది మా ఆఫీసుకు కిరాయికి తిరిగే ఆటో అన్న. గేటు దగ్గర ఆటో ఆపి, "చెల్లె, ఇగ నీకు పొద్దుగాల ఫోన్లు చేసుడు బంద్. అందరి ఫోన్లల్ల ఏదో కొత్తది ఏస్తరంట. సారు మాట్లాడుతుంటె ఇన్న" అన్నాడు. ఆ మాటకు నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

మాది మంచం పట్టిన ముసలివాళ్లకు వాళ్ల ఇళ్లకే పోయి సేవ చేసే చిన్న సంస్థ. దాన్ని నడిపేది సారు. కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లలో పద్నాలుగు మంది ఆయమ్మలు పనిచేసేవారు. నేను బడి మొహం చూడలేదు. మా బాపు ప్రార్థన పుస్తకం ముందర పెట్టి ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు. ఆ అక్షరాలతోనే ఆఫీసులో నాకో కుర్చీ దొరికింది. రోజూ ఆరింటికి ఒక్కొక్క ఆయమ్మకు ఫోను చేసి, ఏ ఇంటికి పోవాలో, అక్కడి మనిషికి ఎట్లా ఉందో, పుండు కట్టు మార్చాలా వద్దా చెప్పేదాన్ని. విన్నదంతా ఆమె తిరిగి నాకు చెప్పాలి. ఒక్క ముక్క తప్పినా మళ్లీ మొదటి నుంచి. అదీ మా పద్ధతి. పని మొదలయ్యేసరికి నా చెవి మండిపోయేది.

వాళ్లందరిలో వయసులో పెద్దామెను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమెకు చదువు రాదు. మా అమ్మ చివరి నాలుగు నెలలు మంచంలో ఉంటే, ఒళ్లు తుడిచింది, ముడ్డి కడిగింది, ఒక్క పూట కూడా ముఖం తిప్పుకోలేదు. అమ్మ ఒంటి మీద ఒక్క పుండు లేవనివ్వలేదు. ఆమె కోసం దేవునికి కృతజ్ఞత చెప్పకుండా నేను నిద్రపోయిన దినం లేదు.

యాప్ ఎంచుకోవడానికి బెంగళూరు రోడ్డు మీది హోటల్లో మీటింగ్ పెట్టారు. వాడేవాళ్ల తరఫున ఒకరుండాలని నన్ను కూర్చోబెట్టారు. మూడు కంపెనీల వాళ్లు వచ్చారు. మొదటిదాంట్లో మన మాటే రికార్డు చేసి పంపొచ్చు. రెండోదాంట్లో వీడియో బాగుంది, నెట్టు సరిగా రాని ఊళ్లో కూడా ఆగదన్నారు. మూడోదాంట్లో మెసేజ్ అంటే రాతే. కానీ ఎవరు ఎప్పుడు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, అంతా సారు ముందర తెర మీద రంగుల్లో కనిపిస్తుంది. ప్రతి మెసేజ్ కింద ఒప్పుకున్నట్టు బొటనవేలి బొమ్మ నొక్కాలి. నొక్కనివాళ్ల పక్కన ఎర్రచుక్క పడుతుంది.

మా సారు కోడికాలు చీకుతూ ఆ రంగులనే చూస్తున్నాడు. "గిది కావాలె. పనిదొంగలు ఎవరో ఇంట్ల కూసుండి పట్టొచ్చు" అన్నాడు.

"సార్, చదువు రానోళ్లున్నరు. మొదటిదాంట్ల మాట పోతది గద" అన్నాను.

కంపెనీ మనిషి నవ్వాడు. "మీవోళ్లకు అక్షరాలు రాకున్నా ఏలు పెట్టుడు వస్తది గద మేడం. తాతల కాన్నుంచి అలవాటే."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నవ్వే నోళ్లలో నలిగిన మెతుకులు కనిపించాయి. నా పళ్లెం అవతలికి నెట్టేశాను. అయినా చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యి కూడా లేచింది. పొద్దుటి ఫోన్లు తప్పుతాయి కదా అనుకున్నాను.

అందరికీ ఫోన్లు ఇచ్చారు. ఇక ప్రతి సోమవారం వీడియో మీటింగ్. మైకులన్నీ సారు మూసి పెడతాడు, కెమెరాలు మాత్రం మేం తెరిచే ఉంచాలి. ఒకామె వెనక దండెం మీద లంగాలు ఆరేసి ఉంటే, "ఇల్లు జర సర్దుకోవే" అన్నాడు. ఆమె లేచి అవి తీసేదాకా అందరం చూస్తూ కూర్చున్నాం. ఇంకోరోజు ఒక ఆయమ్మ వెనక, ఆమె చూసుకునే ముసలాయన ఒంటి మీద గుడ్డ లేకుండా తెరలో పడ్డాడు. అప్పుడు కూడా సారు మాట ఆపలేదు.

పెద్దమ్మ పక్కన రోజూ ఎర్రచుక్కే. అప్పుడామె పక్షవాతం వచ్చిన ఒకాయన ఇంట్లో చేస్తోంది. రోజూ అదే ఇల్లు, అదే పని. మెసేజ్ చదవకపోయినా ఆగేదేమీ లేదు. నేనే అక్కడికి పోయాను.

"పెద్దమ్మా, మెసేజ్ వస్తె ఏలు నొక్కాలె. నీకు ఎర్రచుక్క పడ్తాంది."

ఆమె ఆయన కాళ్లకు నూనె రాస్తూనే ఉంది. "ఏం రాసిండో నాకెర్కనా బిడ్డా?"

"ఏం లేదు, పనికి పోండ్రి అని."

"పోతున్న గద. అగో, చేస్తనే ఉన్న. ఇగ ఏలెందుకు?"

"అందరు నొక్కుతున్నరు."

"నొక్కనియ్యి. మా బాపు గిట్లనే, అందరు పెడ్తున్నరని కాయితం మీద ఏలు పెట్టిండు. రెండెకరాలు పోయినయి. పానం పోయేముందట నా చెయ్యి పట్టుకొని, చదువనిదాని కింద ఏలు పెట్టకు బిడ్డా అన్నడు. బ్యాంకుల గూడ చదివిచ్చుకున్నంకనే పెడ్త."

"ఇటియ్యి, నేను నొక్కుత."

అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. "నా ఏలు నువ్వు పెడ్తవా? మీ బాపు నీకు గిందుకేనా అక్షరాలు నేర్పింది?"

కోపంగా అనలేదు. ఆ వెంటనే "చాయ్ తాగి పో" అని కూడా అంది.

మర్నాడు సారుకు చెప్పాను. "చదివి ఇనిపిస్తే నొక్కుతది సార్. పొద్దుగాల నేను ఫోన్ చేసి చదువుత."

"మళ్ల ఫోనా? మరి గిది కొన్నదెందుకు?" అన్నాడు.

తర్వాతి సోమవారం సారు ఎర్రచుక్కల వరసను అందరికీ చూపించి, ఆమె పని చేయడం లేదన్నాడు. ఆ పక్షవాతం ఆయన కోడలు ఫోను పట్టుకొని నిలబడితే, పెద్దమ్మ తెరలో ఏదో చెబుతోంది. చెయ్యి వెనక్కి చాపి మంచం చూపిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. మైకు మూసి ఉంది. సారు తెరవలేదు.

మీటింగ్ అయిపోగానే మెసేజ్ వచ్చింది, రేపటి నుంచి ఆమె పనిలో లేదని. దాని కింద ఒకదాని వెనక ఒకటి వేళ్లు పడుతున్నాయి. వాళ్లలో సగం మందికి చదువు రాదు, దేనికి ఒప్పుకున్నారో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. రెండుసార్లు చదివాను. చదివి నొక్కాను.

దేవుడు క్షమిస్తాడని నమ్ముతాను. అది నాకూ ఆయనకూ మధ్య సంగతి. పెద్దమ్మ ఇప్పుడు పత్తి ఏరడానికి పోతోందట, మోకాళ్లు నొస్తున్నాయట. నేను ఇంతవరకు ఆమె గడప తొక్కలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయలేదు, ఆమెను అడగలేదు కనుక. చదువుతున్నవారు ప్రార్థనకు గుట్టకు పోయినప్పుడు గానీ, చర్చిలో మోకరించినప్పుడు గానీ, ఆ పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆమె ఒక్క రోజు కూడా పని ఎగ్గొట్టలేదు.